పాత కాంక్రీట్ స్లాబ్ మీదే పేవర్లు వేయొచ్చా, పగలగొట్టించాలా?

పెరటి_కొత్త:
అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. వెనక పెరట్లో బిల్డర్ పోసిన కాంక్రీట్ ప్యాటియో ఉంది, 12 అడుగుల వెడల్పు, ఇంటి గోడ నుంచి 14 అడుగులు బయటికి. గోడ వైపు 5 అడుగుల మీద కప్పు ఉంది, మిగతాది ఎండకీ వానకీ వదిలేసినట్టే. బయటి భాగంలో అడ్డంగా ఒక పగులు వచ్చింది, ఒక మూల వాన పడితే మర్నాటిదాకా నీళ్లు నిలబడతాయి. ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు, సాయంత్రాలు బయట కూర్చునేలా ఆ చోటు బాగుచేయాలని ఉంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, చిన్న మెట్టయినా ఇబ్బందే.
ఇద్దరు కాంట్రాక్టర్లని పిలిచాను. ఒకాయన మొత్తం పగలగొట్టాలన్నాడు, ఇంకొకాయన స్లాబ్ మీద ఇసుక పోసి రెండు రోజుల్లో పేవర్లు, అంటే నేల మీద పరిచే ఇటుకలు, పరిచేస్తానన్నాడు, మొదటాయన చెప్పిన దాంట్లో సగానికే. రెండో పద్ధతి నేనే చేసుకోగలననిపిస్తోంది. ఎవరైనా చేశారా? నిలుస్తుందా?

రసమట్టం:
నేను రెండు చోట్ల చేశాను, ప్లానోలో మా ఇంట్లో ఒకసారి, మా బావగారింట్లో ఒకసారి. వేయొచ్చు, నిలుస్తుంది కూడా, కానీ కింద స్లాబ్ బాగుంటేనే. పేవర్లు కొనే ముందు ఇవి చూడండి.

అన్నిటికంటే ముందు గ్యారేజ్‌లోకి వెళ్లి చూడండి. ఇక్కడ చాలా ఇళ్లకి పునాది పోస్ట్ టెన్షన్ స్లాబే, అంటే లోపల ఉక్కు కేబుళ్లు లాగి బిగించిన కాంక్రీట్, అలాగైతే కోయొద్దు, డ్రిల్ చేయొద్దు అని గ్యారేజ్ నేల మీదో గోడ మీదో రాసి ఉంటుంది. లోపలి కేబుల్‌ని బిగించేటప్పుడు ఒక్కోదాన్ని దాదాపు 33 వేల పౌండ్ల బలంతో లాగుతారు. అది తెగితే ప్రాణాల మీదికి రావచ్చు, పునాదికీ దెబ్బ. కప్పు కింద ఉన్న ప్యాటియో చాలాసార్లు ఇంటి పునాదితో కలిపి పోసిందే అయి ఉంటుంది. నీళ్లు పోవడానికి స్లాబ్‌కి రెండంగుళాల చిల్లులు వేయమని వీడియోల్లో చూపిస్తారు, ఏది పునాదో ఏది విడిగా పోసిందో తేల్చుకోకుండా ఆ పని అస్సలు చేయకండి. కప్పు అయిపోయే చోట ఒక జాయింట్ గీత కనిపిస్తే బయటిది విడి స్లాబ్ కావచ్చు, అయినా ప్లాన్ కాగితాలు చూసి ఖాయం చేసుకోండి.

తర్వాత ఎత్తు. మామూలు పేవర్ 60 మిల్లీమీటర్ల మందం, అంటే దాదాపు 2.4 అంగుళాలు, దాని కింద అంగుళం ఇసుక, మొత్తం మూడున్నర అంగుళాల దాకా లేస్తుంది. తలుపు గడప కింద అంత జాగా ఉందా? పాత స్లాబ్ మీద వేయడానికే అంగుళం, అంగుళంపావు మందంలో పల్చటివి దొరుకుతాయి, మేం అవే వాడాం. ఇటుక గోడ అడుగు వరుసలో అక్కడక్కడా సున్నం లేకుండా నిలువు సందులు వదిలేసి ఉంటారు, గోడ లోపలి తడి బయటికి రావడానికి. పేవర్లు వాటిని మూసేయకూడదు, మూస్తే లోపల చెమ్మ, ఆ వెనకే చెదలు.

ఇక వాటం. అడుగుకి పావు అంగుళం చొప్పున ఇంటి నుంచి బయటికి దిగాలి, మీ 14 అడుగులకి మూడున్నర అంగుళాలు. దారం కట్టి కొలవండి, పైపుతో నీళ్లు వదిలి ఎటు పోతున్నాయో చూడండి. నీళ్లు నిలిచే మూలని ముందే రిపేర్ మోర్టార్‌తో లేపాలి. ఇసుక ఎక్కువ పోసి పైన సమంగా చేస్తే కంటికి బాగానే ఉంటుంది, కింద నీళ్లు మాత్రం అక్కడే ఉంటాయి.

అంచు వరుసని కాంక్రీట్ అంటుకునే గమ్‌తో స్లాబ్‌కి అతికించాలి, లోపలివి ఇసుక మీదే. సందుల్లో పాలిమరిక్ ఇసుక (నీళ్లు తగిలాక గట్టిపడే రకం) పోసి, పైన మిగిలిన పొడి ఒక్క రేణువు లేకుండా బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే నీళ్లు చిలకరించాలి, పొడి మిగిలితే పేవర్ మీద తెల్లటి పొరలా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఒక రోజంతా వాన ఉండకూడదు.

ఆలెన్_అక్క:
ఆ రెండు రోజుల కాంట్రాక్టర్ లాంటాయనే మాకూ చేశాడు తమ్ముడూ. అంచులు అతికించలేదు, ఇసుక కారిపోకుండా కింద పరిచే బట్ట కూడా వేయలేదు. మొదటి వసంతం వానలకే ఇసుక ఒక పక్కనుంచి కారిపోయింది, చివరి రెండు వరుసలు కుర్చీ వేస్తే ఊగేవి. సందుల్లోంచి చీమలు, ఎప్పుడూ తడి, ఇటుకల మీద తెల్లగా ఉప్పు. మా అత్తయ్యగారు తట్టుకుని పడబోయారు, అదృష్టం కొద్దీ స్తంభం పట్టుకున్నారు. పెద్దవాళ్లు నడిచే చోటు కాబట్టి అంత గట్టిగా చెబుతున్నాను, తొందరపడొద్దు.

నల్లరేగడి:
మా నాన్న కర్నూలు వైపు నల్లరేగడిలో శనగ వేసేవారు. ఎండాకాలం ఆ చేలో నెర్రెలు ఇంత వెడల్పున విచ్చుకునేవి, వానకి ఉబ్బి మళ్లీ మూసుకునేవి. డాలస్ కింద ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టిది కూడా అదే స్వభావం. ఇక్కడ వేసవిలో పునాది చుట్టూ నీళ్ల పైపులు పెట్టేది అందుకే. మీ స్లాబ్ పగిలిందంటే కింద మట్టి కదిలింది. ఆ కదలిక ఆగిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పగులుకి అడ్డంగా తిన్నటి బద్ద ఒకటి పెట్టండి. రెండు పక్కలూ ఒకే ఎత్తులో ఉంటే రసమట్టం గారు చెప్పింది చేయండి. ఒక పక్క లేచి ఉంటే మాత్రం ఆ మెట్టు రేపు పేవర్ల మీద కూడా తేలుతుంది.
నా మటుకు నేనైతే ఈ మట్టిలో బయటి భాగం తీసేసి కంకర బేస్ మీదే వేస్తాను. నేల కదిలినా నాలుగు పేవర్లు లేపి, ఇసుక సర్ది, మళ్లీ పెట్టుకోవచ్చు. కాంక్రీట్‌తో ఆ వీలు లేదు.

పెరటి_కొత్త:
చాలా థ్యాంక్సండీ. ఈ శనివారం అన్నీ చూశాను. గ్యారేజ్‌లో పోస్ట్ టెన్షన్ ముద్ర ఉంది. కప్పు చివర జాయింట్ ఉంది, బిల్డర్ ఇచ్చిన ప్లాన్‌లో కూడా బయటి 9 అడుగులు విడిగానే చూపించారు. బద్ద పెడితే పగులుకి ఒక పక్క పావు అంగుళం పైకి లేచి ఉంది. గడప కింద జాగా రెండున్నర అంగుళాలే. బయటిది తీసేస్తే కప్పు కింద స్లాబ్‌ని అలాగే ఉంచి, పేవర్ల పైభాగం దాని ఎత్తుకే తేవచ్చా? నాన్నకి మెట్టే ఉండదు కదా.

రసమట్టం:
తేవచ్చు, మీకు అదే సరైన దారి. 9 అడుగులు 12 అడుగుల స్లాబ్ నాలుగంగుళాల మందమనుకుంటే దాదాపు 5,400 పౌండ్ల కాంక్రీట్ బయటికి పోవాలి, ముక్కలు మోయడానికి మనుషుల్ని పెట్టుకోండి. స్లాబ్ తీశాక ఇంకో ఐదున్నర అంగుళాలు తవ్వండి. మట్టి మీద జియోటెక్స్‌టైల్ బట్ట (మట్టీ కంకరా కలిసిపోకుండా ఆపేది), దాని మీద ఆరంగుళాల కంకర, ఒకేసారి కాకుండా రెండేసి అంగుళాలుగా పోసి కాంపాక్టర్‌తో దిమ్మిస చేయాలి. ఆపైన ఇసుక, పేవర్లు. పునాది పక్కన జాక్‌హ్యామర్ వాడకండి, జాయింట్ దగ్గరి చివరి అడుగు చేత్తో జాగ్రత్తగా తీయించండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, భూమిలో గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టిస్తారు, ఫ్రీయే, కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు గుర్తుపెట్టరు, అవి మీరే వెతుక్కోవాలి. మీ హెచ్‌ఓఏకి, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘానికి, డ్రాయింగ్ ఈ వారమే పంపేయండి, ఏప్రిల్ అంటే ఎక్కువ టైం లేదు.