జైబ్: జీతోనా, జేతోనా?

అర్ధరాత్రి అనువాదం: షేక్‌స్పియర్ హామ్లెట్‌లో ఆ రాకుమారుడు పుర్రె చేత్తో పట్టుకుని, తన చిన్నప్పటి ఆస్థాన విదూషకుడు యోరిక్‌ని తలుచుకునే చోట "వేర్ బీ యువర్ జైబ్స్ నౌ?" (నీ ఎగతాళి మాటలేవీ ఇప్పుడు?) అని ఉంది కదా. ఆ తర్వాత గ్యాంబల్స్, సాంగ్స్, ఫ్లాషెస్ ఆఫ్ మెరిమెంట్ వరకూ నోటికొస్తోంది, ఆపైన "సెట్ ద టేబుల్ ఇన్ ఎ రోర్" అనా, "ఆన్ ఎ రోర్" అనా? పొద్దుట్నుంచి ఇదే నస. ఇంకోటి, ఈ జైబ్‌ని నేను జే (j)తో రాస్తే ప్రూఫు చూసినావిడ ఎర్రగీత కొట్టి జీ (g) పెట్టింది. ఏది కరెక్టు? తెలుగులో ఏం వేయాలో కూడా చెప్పండి, ఎగతాళి అంటే మనసొప్పట్లేదు.

డిక్షనరీ మావయ్య: ఆన్ ఎ రోర్. ఇన్ అనేది జనం నోళ్ళలో నలిగి వచ్చింది. స్పెల్లింగు సంగతి, ఎగతాళి అర్థంలో జీయే పాత అలవాటు, జేని కూడా నిఘంటువులు ఒప్పుకుంటాయి. ఎర్రగీత కొట్టేంత నేరం కాదు, అలాగని ఆవిడ తప్పూ కాదు.

డాలస్ దోశ: మావయ్యగారూ, అమెరికాలో జే పెడితే ఇంకో అర్థం వస్తుందండీ. ఒకదానితో ఒకటి సరిపోవడం. "ఆయన చెప్పేదీ లెక్కలూ జైబ్ అవ్వట్లేదు" అని మా ఆఫీసులో రోజూ వింటాను. అదీ సరిగ్గా అనరు, సగంమంది "జైవ్ అవ్వట్లేదు" అంటారు. వింటే ఒళ్ళు మండుతుంది. అందుకే ఎగతాళికి జీ, సరిపోవడానికి జే అని గట్టిగా విడదీసుకుంటే ఎవరికీ టెన్షన్ ఉండదు.

డిక్షనరీ మావయ్య: ఆ సరిపోయే జైబ్ నిన్నగాక మొన్నటిది, పంతొమ్మిదో శతాబ్దంలో మీ అమెరికాలోనే పుట్టింది. ఎగతాళి జైబ్ 1560ల నుంచీ ఉంది. నిన్నొచ్చినవాడి కోసం పాతకాపు ఇల్లు ఖాళీ చేయాలా? ఇక మూడోది కూడా ఉంది, గాలి మారినప్పుడు పడవ తెరచాప ఈ పక్కనుంచి ఆ పక్కకి తిరగడం. అది డచ్చివాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది, ఇంగ్లండులో జీ, వై పెట్టి రాస్తారు, అమెరికావాళ్ళు దానికీ జేయే. మూడింటికీ చుట్టరికం కలిపి కథలు అల్లేవాళ్ళున్నారు, నమ్మకండి.

పాత ఫోలియో: అసలు తగువు స్పెల్లింగులో లేదండీ, ఏ ప్రతి చదివారన్న దాంట్లో ఉంది. 1604-05 నాటి రెండో క్వార్టోలో, అంటే నాటకాన్ని విడిగా చిన్న పుస్తకంగా వేసిన రెండో అచ్చులో, జీతోనే ఉంది. షేక్‌స్పియర్ నాటకాల్ని కలిపి పెద్ద పుస్తకంగా వేసిన 1623 ఫోలియోలో మాత్రం పెద్ద ఐతో "ఐఐబిఈఎస్" అని అచ్చేశారు. అప్పటికి ఐ, జే వేరువేరు అక్షరాలుగా స్థిరపడలేదు కాబట్టి అది మన జేయే. అంటే అనువాదంగారు రాసినదానికి ఫోలియో అంతటి సాక్ష్యం ఉంది. ఆ ఎర్రగీత తిరిగి కొట్టేయమనండి.

గోదారి గట్టు: అబ్బో. అయితే అచ్చుకూర్చినవాడి చేతివాటాన్ని షేక్‌స్పియర్ ఖాతాలో వేస్తున్నారన్నమాట.

పాత ఫోలియో: వేయట్లేదు, అందుబాటులో ఉన్నది చెప్తున్నా. దీనికన్నా పెద్ద తేడా ఆ రెండు వాక్యాల కిందే ఉంది, ఎవరూ పట్టించుకోరు. క్వార్టోలో "నాట్ వన్ నౌ టు మాక్ యువర్ ఓన్ గ్రిన్నింగ్", ఫోలియోలో "నో వన్ నౌ టు మాక్ యువర్ ఓన్ జీరింగ్". పుర్రెకి పెదాలుండవు కనుక పళ్ళు ఇకిలిస్తున్నట్టు కనిపిస్తుంది, అందుకే గ్రిన్నింగ్ అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం జీరింగే ఇష్టం. బతికినన్నాళ్ళూ ఊరందర్నీ గేలిచేసినవాడు చచ్చాక కూడా అదే పనిలో ఉన్నాడు, తిరిగి వాణ్ణి గేలిచేయడానికి ఒక్కడూ లేడు. పైగా జైబ్స్‌తో మొదలై జీరింగ్‌తో ముగుస్తుంది, చెవికి ఎంత బాగుంటుందో చూడండి.

గోదారి గట్టు: చెవికి బాగుండటం సాక్ష్యమైతే 1603 మొదటి క్వార్టోని ఏం చేస్తారు? అందులో జైబే లేదు, "జెస్ట్స్" అని ఉంది. యోరిక్ వీపున ఎక్కించుకుని తిప్పింది వెయ్యిసార్లు కాదు, ఇరవైసార్లే!

పాత ఫోలియో: దాన్ని చెడ్డ క్వార్టో అని ఊరికే అనలేదండీ. వెయ్యిని ఇరవై చేసినవాడు జైబ్‌ని జెస్ట్ చేయడా?

చాటువుల సంచి: ఇదంతా సరే, మాట పుట్టుక ఎవరూ చెప్పలేదు. నాకెప్పట్నుంచో ఒక అనుమానం, మన గేలికీ దీనికీ ఏదో బంధుత్వం ఉంది. జీ అక్షరమే కదా.

డిక్షనరీ మావయ్య: బాబూ, ఆ జీ పలికేది జ అని. కళ్ళతో కాదు, చెవులతో వినాలి. పాత ఫ్రెంచిలో "జిబే" లాంటి క్రియ ఒకటుంది, సరదాకి మొరటుగా పట్టి కుదపడం దాని అర్థం. అక్కణ్ణుంచి వచ్చి ఉండవచ్చంటారు. ఆ "వచ్చు" ముఖ్యం, నిఘంటువులు దాన్ని వదిలిపెట్టవు.

గోదారి గట్టు: నాకు ఆ ఫ్రెంచి దారి బాగానే ఉంది. మనం మాత్రం ఏమంటాం? "కొత్తల్లుణ్ణి ఓ ఆట ఆడుకున్నారు", "ఆటపట్టించారు". ముందు ఒంటిమీద మొరటుసరసం, తర్వాత అదే నాలుకమీదకి ఎక్కుతుంది. మా వైపు వెటకారం అంతా అదే తరహా, చేయి తగలదుగానీ నాలుగురోజులు నొప్పుంటుంది. ఇంగ్లీషులో ఈ మాటలన్నీ తల్లీతండ్రీ లేనివే అనుకుంటా. జీర్ ఎక్కడిదో తెలీదు. ఫ్లౌట్ మాత్రం ఫ్లూటు వాయించడంలోంచి వచ్చిందంటారు, డచ్చిలో కూడా ఈలవేయడానికీ వెక్కిరించడానికీ ఒకటే మాటట. మన నేలక్లాసు ఈలలు గుర్తురావట్లా?

డిక్షనరీ మావయ్య: ఫ్లౌట్ అన్నారు కాబట్టి చెప్తున్నా. 1874లో బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ పార్లమెంటులో సాల్స్‌బరీ గురించి "గ్రేట్ మాస్టర్ ఆఫ్ జైబ్స్ అండ్ ఫ్లౌట్స్ అండ్ జీర్స్" అన్నాడు. అప్పుడు సాల్స్‌బరీ ఎవరనుకున్నారు? డిజ్రేలీ సొంత కేబినెట్‌లో ఇండియా మంత్రి. మన నెత్తిన కూర్చున్నవాడికి ఇచ్చిన బిరుదు అది.

అర్ధరాత్రి అనువాదం: అందరికీ దణ్ణం, నా ప్రశ్న తెలుగు మాట గురించి కూడా అండీ.

పాత ఫోలియో: వస్తున్నా. అదే మాట ఒథెల్లోలో దుర్మార్గుడు ఇయాగో నోట వస్తుంది, "ఫ్లీర్స్, జైబ్స్, నోటబుల్ స్కార్న్స్" అని. అక్కడ విషం. అక్కడ ఎద్దేవా వేయొచ్చు, వెక్కిరింత వేయొచ్చు. యోరిక్‌వి అలాంటివి కావు, పిల్లాడు ఆ పెదాల్ని ముద్దుపెట్టుకున్నాడు. ఎగతాళి మీకు మింగుడుపడనిది అందుకే. పరాచికాలు వేయండి.

గోదారి గట్టు: పరాచికాలంటే బావామరదళ్ళవి. రాజుగారి విందులో పళ్ళేలు ఎగిరేలా నవ్వించేవాడివి ఎకసెక్కాలు.

చాటువుల సంచి: మాది పల్నాడు. శ్రీనాథుడు "చిన్న చిన్న రాళ్ళు, చిల్లర దేవుళ్ళు" అని మా సీమనంతా ఏకిపారేశాడు. మేం దాన్నే పెళ్ళిళ్ళలో చదువుకుని పడీపడీ నవ్వుతాం. అది ఎకసెక్కమా, పరాచికమా? వినేవాడి మీద ఉంది.

పాత ఫోలియో: అచ్చంగా ఇదే లవ్స్ లేబర్స్ లాస్ట్‌లో రోజలిన్ చెప్తుంది! జోకు బాగుపడేది వినేవాడి చెవిలోగానీ వేసేవాడి నాలుకమీద కాదని. తనని ప్రేమించిన బిరోన్‌లోని ఆ "జైబింగ్ స్పిరిట్" అణగాలంటే ఏడాదిపాటు ఆస్పత్రిలో రోగుల్ని నవ్వించి రమ్మని పంపిస్తుంది. షేక్‌స్పియర్ మొత్తంలో నాకు ఆ శిక్షంత ముద్దొచ్చేది ఇంకోటి లేదు.

గోదారి గట్టు: శ్రీనాథుడిది చాటువు, ఆయనదే అని ఎవరు చూశారు? మీ క్వార్టోల కన్నా అన్యాయం అక్కడ.

చాటువుల సంచి: ఆ ధోరణి ఇంకెవడికీ చేతకాదు. చర్చే లేదు.

అర్ధరాత్రి అనువాదం: సరే, రేపు పొద్దున్న పంపాలి. ప్రస్తుతానికి "ఏవీ నీ పరాచికాలు?" అని పెడుతున్నా.

డిక్షనరీ మావయ్య: పరాచికాలా, పరాచకాలా? మా ఇంట్లో చకారానికి గుడి పెట్టగా నేనెప్పుడూ వినలేదు.

గోదారి గట్టు: మావయ్యగారూ, గుడి లేకుండా అనేది మీ ఇంట్లోనే అనుకుంటా.

డాలస్ దోశ: మా అమ్మమ్మ కూడా పరాచకాలే అనేది. తెనాలి.