గుడ్డి వెన్నెల, మసక వెన్నెల ఒకటేనా?

నేను మహబూబ్‌నగర్‌లో కట్టబోయే ఇండ్లకు కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేస్తుంటాను. మొన్న జడ్చర్ల దగ్గరి ఒక పల్లెలో ఇంటివాళ్లకు ఆ ఇల్లు రాత్రిపూట ఎట్లా కనిపిస్తుందో బొమ్మలో చూపించినప్పుడు, ఆ ఇంటి పెద్దమ్మ చాలాసేపు తేరిపార చూసి, "ఇది రాత్రి గాదు బిడ్డా, పగటికే నీలిమందు పెట్టినవు. గుడ్డెన్నెల గిట్లుంటదా?" అన్నది. ఆమె అన్నది నిజం. పగటి బొమ్మనే తీసుకొని, సూర్యుని బలం తగ్గించి, నీలం కలిపి, నీడల అంచులు మెత్తబరిచి, ఆ ఫైలుకు 'మసక వెన్నెల' అని పేరు పెట్టుకున్నాను. ఆమె వాడిన మాట వేరు, నేను పెట్టుకున్న పేరు వేరు. ఈ రెండింటికీ భేదం ఉన్నదనే నా అభిప్రాయం.

అద్దానికి ఆవిరి పట్టి మసకేసినప్పుడు వస్తువుల అంచులు చెదిరిపోతాయి. ఒత్తి దించిన కందీలును గుడ్డి దీపం అన్నప్పుడు మాత్రం అంచుల ప్రసక్తి లేదు, వెలుగుకు బలం లేదని మాత్రమే అర్థం. భూమి మీది నుంచి చూస్తే సూర్యుడూ చంద్రుడూ దాదాపు ఒకే వెడల్పున, సుమారు అర డిగ్రీ మేర కనిపిస్తారు కాబట్టి, మబ్బు లేని రాత్రి వాకిట్లో పడే యాపచెట్టు నీడకు అంచు ఎండనీడకు ఉన్నంత తేటగానే ఉంటుంది. తగ్గేది బలమే, అదీ ఊహకు అందనంతగా: నడిపొద్దు ఎండ సుమారు 1,00,000 లక్స్ (ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, నిండు పున్నమి వెన్నెల పావు లక్స్‌కు మించడం అరుదు. అష్టమినాడు సగం చంద్రుడు కనిపించినా వెలుగు సగం రాదు, సుమారు పదో వంతే వస్తుంది, ఎందుకంటే పక్కనుంచి ఎండ పడినప్పుడు చంద్రుని మీది గుంతల నీడలు, గుట్టల నీడలు పొడుగ్గా సాగి మనవైపు రావలసిన వెలుగును తగ్గిస్తాయి. గుడ్డి వెన్నెల అనే మాట ఆ అష్టమి వెన్నెలకు సరిగ్గా అతుకుతుంది. మొగులు పలుచగా కమ్మి నీడలు చెదిరిన రాత్రికి మసక వెన్నెల అనాలి.

ఒక సభ్యురాలి స్పందన: మా నల్లగొండ వైపు కూడా గుడ్డి దీపం, గుడ్డి వెన్నెల అంటారండీ. అయితే గుడ్డితనం కంటికి ఉండేది కదా. దానిని వెలుగుకు అంటగట్టడం కేవలం లక్ష్యార్థమేనా (అసలు అర్థంలో కాక పోలికతో వాడటమేనా), లేక అందులో ఇంకేదైనా ఉన్నదా?

నా సమాధానం: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. ప్రయోగం లక్ష్యార్థమే కావచ్చు గానీ, వాస్తవానికి కూడా అది దగ్గరగానే ఉన్నది. వెన్నెల స్వతహాగా నీలం కాదు. చంద్రుని మట్టి మీద పడి తిరిగివచ్చిన ఎండే కాబట్టి ఎండకంటే కొద్దిగా ఎరుపు వైపే మొగ్గుతుంది. వెలుగు బాగా తగ్గినప్పుడు రంగులు గుర్తించే శక్తి మన కంటికే సన్నగిల్లుతుంది, అందులోనూ ఎరుపు ముందుగా పోతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కింజే 1819లో గమనించినది ఇదే. మా పెరట్లో పొద్దుగూకిన తర్వాత చూశాను: ఆకులు ఇంకా ఆనుతుండగానే ఎర్రమందారం నల్లని ముద్దయింది. అందుకే గుడ్డి అనే మాట సరిగ్గా కంటి సంగతే చెబుతున్నదని నాకు తోస్తున్నది. పైగా పున్నమిని మనవాళ్లు పిండారబోసినట్టున్నది అన్నారు. ఆ పోలికలో ఉన్నది తెలుపే, నీలం లేదు.

అయితే ఒక్క చోట నీలానికి న్యాయం ఉన్నది. అరుగు మీద పసుపుపచ్చ బల్బు వెలుగుతుంటే, కెమెరాను ఆ బల్బు వెలుగే తెలుపుగా కనిపించేటట్టు సరిచేస్తే, దూరాన ఉన్న వెన్నెల దానిముందు నీలంగా తేలుతుంది. కాబట్టి రెండోసారి బొమ్మ చేసినప్పుడు చంద్రుని సైజు సూర్యుని సైజుకు సమానంగా ఉంచి, ఎర్రదర్వాజను దాదాపు నల్లగా పోనిచ్చి, నీలాన్ని అరుగుకు ఎడంగా ఉన్న బావి గట్టు మీద మాత్రమే కొద్దిగా మిగిల్చాను. ఫైలు పేరు కూడా 'గుడ్డి వెన్నెల' అని మార్చాను. మొగులు పట్టిన రాత్రి వెన్నెలకు మీ ఊళ్లలో మసక కాక వేరే మాట ఉంటే దయచేసి తెలుపండి.