క్యామ్ సెన్సర్ మార్చినా మళ్లీ చెక్ ఇంజన్ లైట్, ఈసారి పీ0016

ప్రశ్న:
పెట్రోల్ కారు, 1,10,000 కి.మీ. తిరిగింది. రెండు వారాల కింద లైట్ వెలిగితే స్కానర్ పెట్టి చూశాను, పీ0340 కోడ్ వచ్చింది. మెకానిక్ క్యామ్ సెన్సర్ (వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పేది) మార్చాడు. నాలుగు రోజులు బాగానే ఉంది, తర్వాత మళ్లీ లైట్, ఈసారి పీ0016. ఉదయం సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్ట్ అవ్వట్లేదు, ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదు. ఇప్పుడు క్రాంక్ సెన్సర్ (పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పేది) కూడా మార్చేద్దాం అంటున్నాడు. పక్కింటాయనేమో టైమింగ్ కొంచెం తిప్పి సెట్ చేస్తే చాలంటున్నాడు. ఒకటే టెన్షన్.

జవాబు 1:
ఆగండి, కోడ్‌లో సెన్సర్ పేరు కనబడగానే ఆ సెన్సర్ పోయినట్టు కాదు. పీ0340 అంటే క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని, వైరు తెగినా, కనెక్టర్‌లోకి ఆయిల్ దిగినా వస్తుంది. పీ0016 కథ వేరు. రెండు సెన్సర్లూ సిగ్నల్ ఇస్తున్నాయి కానీ క్రాంక్ ఉన్న తీరుకి క్యామ్ ఉండాల్సిన చోట లేదని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మొత్తుకుంటోంది. క్రాంక్ సెన్సర్ నిజంగా చచ్చిపోతే సెల్ఫ్ కొట్టేటప్పుడు స్కానర్ లైవ్ డేటాలో ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటుంది, ముందు అది చూడండి. కోడ్ చెరిపేలోపు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడినప్పటి రీడింగులు) ఫోటో తీసి పెట్టుకోండి, చెరిపితే అదీ పోతుంది. పక్కింటాయన చెప్పేది డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ప్లగ్గులకు పంచే పాతకాలం భాగం) రోజుల మాట. ఇప్పటి ఇంజన్లలో స్పార్క్ టైమింగ్ ఈసీయూనే లెక్కేసుకుంటుంది, చేత్తో తిప్పడానికి ఏమీ ఉండదు.

జవాబు 2:
వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజనైతే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి, నవ్వకండి. అందులో క్యామ్‌ని ముందుకీ వెనక్కీ జరిపేది ఆయిల్ ప్రెషరే. ఆయిల్ తగ్గినా, మడ్డి పట్టి ఆయిల్ కంట్రోల్ వాల్వ్ ఇరుక్కున్నా ఈ కోడ్ వస్తుంది. ఉదయం స్టార్ట్ అవ్వగానే రెండు మూడు సెకన్లు గలగలమంటోందా? అంటుంటే క్రాంక్‌నీ క్యామ్‌నీ కలిపే టైమింగ్ చైన్ సాగిందో, దాన్ని బిగించి పట్టే టెన్షనర్ బిగువు పోయిందో. చైన్ పళ్లు దాటిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి.

జవాబు 3:
కొత్త సెన్సర్ సరిగ్గా కూర్చుందా అన్నది కూడా చూడండి. నా కారుకి పాత ఓ-రింగ్ రంధ్రంలోనే ఉండిపోతే దాని మీదే కొత్తది నొక్కేశారు, సెన్సర్ మూతి పళ్ల చక్రానికి దూరమై సిగ్నల్ వచ్చీ రాక వారం రోజులు తిప్పించింది. ఇంకో మాట, మూడు వైర్ల హాల్ సెన్సర్‌ని (కరెంటు అందితేనే సిగ్నల్ ఇచ్చే రకం) ఓమ్స్‌లో కొలిచి పోయింది అని తేల్చేస్తే నమ్మొద్దు, ఆ కొలత రెండు వైర్ల సెన్సర్‌కే పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
సిగ్గుగా ఉంది, ఆయిల్ కింది గీతకు కూడా అందలేదు. గుడ్డతో తుడిస్తే తారులా అంటుకుంది. సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం 200 దాకా చూపిస్తోంది, అంటే క్రాంక్ సెన్సర్ బతికే ఉన్నట్టు. వాల్వ్ విప్పిస్తే దాని చిన్న జల్లెడ సగానికి పైగా మడ్డితో మూసుకుపోయి ఉంది. కడిగించి, ఆయిలూ ఫిల్టరూ మార్పించాను. మూడు రోజులైంది, కోడ్ రాలేదు, ఎత్తులో కూడా లాగుతోంది. ఉదయం గలగల మాత్రం అలాగే ఉంది.

జవాబు 2:
అయితే చైన్ కవర్ విప్పించండి. క్రాంక్, క్యామ్ చక్రాల మీది మార్కులు కలుస్తున్నాయా, టెన్షనర్ ఎంత బయటికి వచ్చింది, రెండూ మీ కళ్లతో చూడండి. అప్పటిదాకా స్టార్ట్ చేయగానే రేజ్ చేయకండి.