విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల బడుల్లో టీచరు ఉద్యోగం: దరఖాస్తుకు ముందు ఏమేం చూసుకోవాలి?

టెక్సస్ లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఏడేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అంతకు ముందు విశాఖపట్నంలో ఆరేళ్లు పనిచేశాను. ఎమ్మెస్సీ, బీఎడ్ రెండూ ఆంధ్రాలోనే చదివాను. ఇక్కడికి వచ్చాక పరీక్షలు రాసి టెక్సస్ స్టాండర్డ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. 2023లో అమెరికా పౌరసత్వం వచ్చింది, ఓసీఐ కార్డు కూడా ఉంది.

అమెరికా రక్షణ శాఖ తన సైనికుల, ఉద్యోగుల పిల్లల కోసం జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా, ఇటలీ వంటి దేశాల్లో డోడియా పేరుతో నడుపుతున్న బడుల్లో టీచరుగా చేరాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. ఈ ఏడాది తప్పకుండా దరఖాస్తు పెట్టాలని నిశ్చయించుకున్నాను. నా సందేహాలు మూడు. మన బీఎడ్‌ను వాళ్లు లెక్కలోకి తీసుకుంటారా? ప్రాంతాలు ఎంచుకోమన్న చోట జపాన్, జర్మనీ మాత్రమే పెట్టవచ్చా? మావారు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తారు, అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వస్తోంది, మా అత్తగారు భారత పాస్‌పోర్టుతో, గ్రీన్‌కార్డుపై మా దగ్గరే ఉంటున్నారు. వీళ్లందరినీ వెంట తీసుకెళ్లడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఒకినావా నుంచి:

టెక్సస్ టీచరుగారికి నమస్కారం. నేను ఇక్కడ, జపాన్‌లోని ఒకినావాలో, డోడియా బడిలో అయిదేళ్లుగా సైన్సు చెబుతున్నాను. నన్నూ అమెరికాలో ఉండగానే ఎంపిక చేసి పంపారు కాబట్టి మీ దారీ నా దారీ ఒకటే.

ముందు చదువు సంగతి. మీకు అసలు బలం మీ బీఎడ్ కాదు, టెక్సస్ ఇచ్చిన సర్టిఫికెట్. అది అయిదేళ్లకోసారి, 150 గంటల శిక్షణ చూపించి పునరుద్ధరించుకోవాల్సినది కాబట్టి గడువు ఎప్పటివరకు ఉందో ఈ రోజే చూసుకోండి. అయితే భారతదేశంలో చదివిన డిగ్రీలను ఫెడరల్ ఉద్యోగాలకు నేరుగా లెక్కించరు. విదేశీ డిగ్రీలను అంచనా వేసే సంస్థల సంఘమైన నేసెస్‌లో సభ్యత్వం ఉన్న మూల్యాంకన సంస్థ ఏదైనా ఒక్కో సబ్జెక్టు వారీగా పరిశీలించి, ఇది అమెరికాలో ఫలానా డిగ్రీతో సమానమని ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ సంస్థకు మార్కుల జాబితాలు విశ్వవిద్యాలయం నుంచే సీలు వేసిన కవరులో వెళ్లాలని చాలాచోట్ల అడుగుతారు, అందరూ చిక్కుకునేది ఇక్కడే. నేను చదివిన విశ్వవిద్యాలయం నుంచి ఆ కవరు కదలడానికి అయిదు నెలలు పట్టింది. మా తమ్ముడు సెలవు పెట్టి మూడుసార్లు పరీక్షల విభాగం కిటికీ దగ్గర నిలబడ్డాడు. చివరికి కవరు అంచు మీద సంతకం లేదని మూల్యాంకన సంస్థ వెనక్కి పంపితే, నాలుగోసారి కూడా వెళ్లాల్సి వచ్చింది. మీరు దరఖాస్తు సంగతి పక్కన పెట్టి, ముందు ఈ పని మొదలుపెట్టండి.

ఓసీఐ కార్డు అడ్డు కాదు, అది భారత పౌరసత్వం కాదు గనుక. నేపథ్య విచారణ పత్రాల్లో విదేశీ ప్రయాణాలు, బంధుత్వాలు అడిగిన చోట దాచకుండా రాయండి.

ఇక ప్రాంతాల విషయం. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. డోడియాకు 11 దేశాల్లో, అమెరికాలోని 7 రాష్ట్రాల్లో, గ్వామ్, పోర్టోరికోల్లో కలిపి సుమారు 160 బడులు ఉన్నాయి. మీరు రెండు దేశాలు మాత్రమే పెడితే మిగిలిన చోట్ల మీ సబ్జెక్టులో ఖాళీ వచ్చినా మీ పేరు ఎవరికీ కనిపించదు. పైగా దేశం పేరు చూసి ఊహించుకునే ఊరు వేరు, చేరాల్సిన ఊరు వేరు. జపాన్ అంటే టోక్యో దగ్గరి యొకోటా కావచ్చు, మంచు మోకాలి లోతు పడే ఉత్తరాది మిసావా కావచ్చు, దక్షిణాన ససెబో కావచ్చు, తుఫాన్లకు కిటికీలు బిగించుకుని కూర్చునే మా ఒకినావా కావచ్చు. జర్మనీ అంటే స్టుట్‌గార్ట్ కావచ్చు, విల్‌సెక్ లాంటి పల్లెటూరూ కావచ్చు. బహ్రెయిన్, క్యూబాలోని గ్వాంటనామో బే కూడా జాబితాలో ఉంటాయి. కాబట్టి మీ ఇంట్లో అందరూ కూర్చుని, ఎక్కడికి పంపినా వెళ్లగలమా అన్నది ముందే తేల్చుకుని, వెళ్లలేని చోట్లు ఏవైనా ఉంటే వాటిని మాత్రమే తీసేయండి. చిన్న బడుల్లో ఒకే టీచరు రెండు మూడు సబ్జెక్టులు చెప్పాల్సి వస్తుంది కాబట్టి, లెక్కలతో పాటు ఫిజిక్సుకో కంప్యూటర్ సైన్సుకో సర్టిఫికెట్ జోడిస్తే మీకు చాలా మేలు జరుగుతుంది.

పిలుపు వసంతంలో రావచ్చు, బడి తెరవడానికి కొద్ది వారాల ముందూ రావచ్చు. నాకు జులై రెండో వారంలో ఫోను వచ్చింది. జవాబు చెప్పడానికి ఇచ్చిన గడువు రెండు రోజులే. ఆ తరువాత వేలిముద్రలు, వైద్య పరీక్ష, ప్రభుత్వ పాస్‌పోర్టు, ప్రయాణ ఉత్తర్వులు, ఇంటి సామాను కట్టించడం అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఉత్తర్వులు చేతికి రాకుండా ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేయవద్దు, ఇల్లు ఖాళీ చేయవద్దు.

జీతం విషయంలో బేరం ఉండదు. 1959లో చేసిన చట్టం ప్రకారం, లక్ష జనాభా దాటిన అమెరికా నగరాల్లోని టీచర్ల జీతాల సగటును చూసి నిర్ణయిస్తారు. దానికి తోడు ప్రభుత్వ క్వార్టరు గానీ, ఎల్‌క్యూఏ అని పిలిచే ఇంటి అద్దె భత్యం గానీ ఇస్తారు. ఆ భత్యం మీద పన్ను లేదు. విదేశంలో ఉన్నాం కదా అని జీతం మీద పన్ను మినహాయింపు వస్తుందనుకోకండి. ప్రభుత్వోద్యోగులకు ఆ మినహాయింపు వర్తించదు. ఒప్పందంలో రాసిన కాలం పూర్తికాకుండా వదిలేస్తే, ప్రయాణానికి పెట్టిన ఖర్చు తిరిగి కట్టాల్సి రావచ్చు.

పని గురించి ఒక్క మాట. పోయిన ఫిబ్రవరిలో నా తరగతిలో ఒక అబ్బాయి ప్రయోగం రికార్డు సగం రాసి, మిగిలింది సోమవారం పూర్తిచేస్తానన్నాడు. సోమవారం నాటికి వాళ్ల నాన్నకు బదిలీ ఉత్తర్వులు అందాయి, గురువారానికి కుటుంబం వెళ్లిపోయింది. ఆ రికార్డును నేనే కొత్త బడికి పోస్టు చేశాను. రెండు మూడేళ్లకోసారి బడి మారే పిల్లలు వీళ్లు. మధ్యలో వచ్చేవాళ్లను చేరదీసి కలుపుకోవడం, మధ్యలో వెళ్లేవాళ్లను ధైర్యంగా సాగనంపడం ఇక్కడ పాఠం చెప్పడంతో సమానమైన పని. ఇంటర్వ్యూలో మీ విశాఖ అనుభవం, దేశం మారి మళ్లీ టీచరుగా నిలబడిన అనుభవం తప్పకుండా చెప్పండి.

జర్మనీ, సైనిక కుటుంబం:

పైన ఒకినావా మేడంగారు రాసినవన్నీ అమెరికా నుంచి ఎంపికై వెళ్లేవారికి వర్తిస్తాయి. నాది వేరే దారి. మావారు సైన్యంలో పనిచేస్తారు, ఆయన వెంట ఇక్కడికి వచ్చాక మొదట సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరి, ఏడాదిన్నర తరువాత పూర్తికాలపు ఉద్యోగం సంపాదించాను. సైనికుల జీవిత భాగస్వాములకు నియామకాల్లో ప్రాధాన్యం ఉంది. కానీ స్థానికంగా చేరినందువల్ల నాకు అద్దె భత్యం లేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ముందు సొంత ఖర్చుతో జర్మనీ వచ్చి ఇక్కడి నుంచి దరఖాస్తు పెడితే త్వరగా అవుతుందని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

ఇంకొకటి గుర్తుంచుకోండి. 2025 ఫిబ్రవరి చివర్లో రక్షణ శాఖ పౌర ఉద్యోగుల నియామకాలను ఉన్నట్టుండి ఆపేసింది. ఫెడరల్ ఉద్యోగంలో ఇలాంటివి ముందు చెప్పి రావు. అందుకని ఒక్క ఏడాది ప్రయత్నంతో నిరాశపడకుండా, ఏటా దరఖాస్తును తాజా పరుస్తూ ఉండండి.

హ్యూస్టన్ నుంచి:

మా చెల్లెలు గ్రీన్‌కార్డు మీద ఉంది, కాలిఫోర్నియాలో టీచరు. తనకు అవకాశం ఉందా?

ఒకినావా నుంచి:

విదేశీ స్థావరాలకు అమెరికా నుంచి వెళ్లే టీచరు పోస్టులకు పౌరసత్వం తప్పనిసరి అండి. అది వచ్చేలోపు తన లైసెన్సు, అనుభవం పెంచుకోమనండి.

టీచరుగారి భర్త, ఇటలీ:

నా భార్య డోడియాలో టీచరు, నేను ఆమె వెంట వచ్చినవాణ్ణి. మీవారి ఉద్యోగం గురించి నాకు తెలిసినది రాస్తాను. అమెరికా దళాలు ఉండటానికి ఆ దేశంతో చేసుకున్న సైనిక ఒప్పందం కింద అక్కడ ఉండే కుటుంబ సభ్యుడు, ఇంట్లో కూర్చుని అమెరికా సంస్థకు పనిచేయడం పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఆ దేశపు పన్ను చట్టం, పని అనుమతి నియమాలు, మీవారి సంస్థ విధానం మూడూ కలిసి రావాలి. జర్మనీలో పన్ను కార్యాలయాలు ఇలాంటి కుటుంబాలకు నోటీసులు పంపిన సందర్భాలు ఉన్నాయి. మా సంస్థ ఒప్పుకోకపోవడంతో నేను ఉద్యోగం వదులుకుని, ఏడాది తరువాత స్థావరంలోనే వేరే పని చూసుకున్నాను. ఒక జీతంతో ఇల్లు నడుస్తుందో లేదో లెక్క వేసుకున్నాకే అడుగు వేయండి. స్థావరం న్యాయ సహాయ కార్యాలయాన్ని కూడా అడగండి.

మీ అత్తగారి విషయం ఇంతకంటే సున్నితమైనది. ఆవిడ పోషణలో సగానికి మించి మీరే భరిస్తున్నట్టు కాగితాలతో చూపగలిగితే ఉత్తర్వుల్లో చేర్చమని అడగవచ్చు. కానీ గ్రీన్‌కార్డు ఉన్నవారు ఏడాదికి మించి అమెరికా బయట ఉండాలంటే, దేశం విడిచే ముందే రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే తిరిగి అమెరికాలోకి వచ్చే అనుమతి పత్రానికి, దరఖాస్తు పెట్టాలి. అది సాధారణంగా రెండేళ్లకే చెల్లుతుంది. భారత పాస్‌పోర్టు కాబట్టి వీసా సంగతి వేరుగా చూసుకోవాలి. వైద్యం కూడా ఆలోచించండి. సైనిక ఆసుపత్రుల్లో పౌర ఉద్యోగుల కుటుంబాలను ఖాళీ ఉన్నప్పుడే, అదీ డబ్బు తీసుకుని చూస్తారు. పెద్దావిడకు బీపీ, షుగరు ఉంటే ఆ దేశపు డాక్టరుతో భాష రాకుండా నెట్టుకురావాలి. మా అమ్మను ఇదే కారణంగా రాజమండ్రిలో మా అన్నయ్య దగ్గర ఉంచాను. అది మా ఇంట్లో తీసుకున్న అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం.

టెక్సస్ లెక్కల టీచరు:

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ మావారికి, అత్తయ్యగారికి చదివి వినిపించాను. ‘మీరు వెళ్లండి, నేను ఏడాదిలో ఆర్నెల్లు మా అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో ఉంటాను’ అన్నారు అత్తయ్యగారు. మావారు సోమవారం వాళ్ల హెచ్ఆర్‌ను అడుగుతారు. విశ్వవిద్యాలయం నుంచి మార్కుల జాబితాల కోసం ఈ ఉదయమే మా అన్నయ్యకు అధికార పత్రం పంపాను. గ్వాంటనామో బే ఒక్కటి తీసేసి మిగిలినవన్నీ ఉంచాలని అనుకుంటున్నాం. ఒక్క సందేహం మిగిలింది: మా అమ్మాయి ఇప్పటికే ఆల్జీబ్రా-2 మొదలుపెట్టింది, చిన్న బడిలో తనకు పై కోర్సులు దొరుకుతాయా?

ఒకినావా నుంచి:

అమెరికా నుంచి ఎంపికైన టీచరు పిల్లలకు ఫీజు లేకుండా సీటు ఇస్తారు. మా దగ్గర పెద్ద హైస్కూళ్లలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే కాలేజీ స్థాయి) కాలిక్యులస్ వరకు ఉంది. చిన్న బడుల్లో లేని కోర్సులను డోడియా వర్చువల్ హైస్కూల్ ద్వారా తీసుకోవచ్చు. పోస్టు ఖాయమైన రోజే ఆ బడి కౌన్సిలర్‌కు అమ్మాయి ట్రాన్‌స్క్రిప్ట్ పంపండి, ఆగస్టులో వెళ్లి అడిగితే తరగతులు నిండిపోతాయి.