ఉద్యోగం ఊగుతోంది, సోలార్ షేర్లు పడ్డాయి. ఎఫ్‌డీ బ్రేక్ చేసి కొననా?

కదిరి కుర్రోడు (మారతహళ్లి):
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. పోయిన నెల మా పక్క టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేశారు. నా సీటు ఇంకా ఉంది గానీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తే చాలు, టెన్షన్. ఎఫ్‌డీలో నాలుగు లక్షలున్నాయి. సోలార్ షేర్లు ఇప్పుడు తగ్గాయి కదా, కొని పడేద్దామని ఆలోచన. మా మేనమామ పావగడ దగ్గర తిరుమణిలో పొలం సోలార్ పార్కుకి లీజుకిచ్చాడు. ఎకరాకి ఏడాదికి 21,000తో మొదలైంది, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. కరోనాలో కూడా డబ్బు ఆగలేదంట. "వాననైతే నమ్మలేం గానీ ఎండకేం ఢోకారా" అంటాడు. నిజమేగా?

పీణ్య లెక్కలక్క:
తమ్ముడూ, మీ మామకి వచ్చేది కౌలు. నువ్వు కొనేది కౌలు కాదు.

సోలార్ షేర్లంటే అన్నీ ఒకటి కావు. కరెంటు అమ్మేవాళ్లు వేరు, ప్యానెళ్లు తయారుచేసేవాళ్లు వేరు. కరెంటు అమ్మేవాళ్లు మామూలుగా 25 ఏళ్లకి ఒకే రేటుకి ఒప్పందం రాసుకుంటారు. మాంద్యం వచ్చినా ఆ రేటు మారదు. కానీ ప్లాంటు కట్టేది ఎక్కువగా అప్పుతోనే, కాబట్టి వడ్డీ పెరిగితే నొప్పి. పైగా ఆ కరెంటు కొనేది డిస్కమ్, అంటే ఇళ్లకి కరెంటిచ్చే పంపిణీ సంస్థ. మన ఆంధ్రలోనే 2019లో పాత ఒప్పందాల రేట్లు తగ్గించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. హైకోర్టు కంపెనీల పక్షాన తీర్పిచ్చేసరికి 2022 మార్చి. అన్నాళ్లూ ఎండ కాసింది, మీటరు తిరిగింది, పూర్తి డబ్బు మాత్రం చేతికి రాలేదు.

ప్యానెళ్ల వాళ్లకి ప్రభుత్వమే గొడుగు పట్టింది. 2022 ఏప్రిల్ నుంచి బయటి ప్యానెళ్ల మీద 40 శాతం సుంకం. ఆ ధైర్యంతో అందరూ ఫ్యాక్టరీలు పెంచారు. సెల్స్ (ఎండని కరెంటుగా మార్చే పలకలు) బయటినుంచి తెచ్చి ఇక్కడ ప్యానెల్‌గా అతికించే కంపెనీయా, సెల్ కూడా సొంతంగా చేసేదా అన్నది చూడు. అమెరికాకి ఎంత అమ్ముతుందో కూడా చూడు, 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి పోయింది.

నేను రూఫ్‌టాప్ సోలార్ బిగించే చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ప్యానెళ్ల కోటేషన్ కింద "ఏడు రోజులే చెల్లుతుంది" అని రాసి పంపిస్తారు, రేటు అంత నిలకడ. ఇక్కడ లేత్ షెడ్ల ఓనర్లకి ఆర్డర్లు తగ్గాయంటే ముందు వాయిదా పడేది పైకప్పు మీది సోలారే. "దీపావళి తర్వాత చూద్దాం మేడమ్" అంటారు. ఏ దీపావళో చెప్పరు.

వైట్‌ఫీల్డ్ బాబాయ్:
అక్క చెప్పిందానికి ఒక్కటి కలుపుతా. అమెరికాలో ఫస్ట్ సోలార్ అనే ప్యానెళ్ల కంపెనీ షేరు 2008 మేలో 300 డాలర్లు దాటింది. అదే ఏడాది నవంబర్‌కి 100 లోపు. కంపెనీ ఏమీ చెడిపోలేదు, ఇప్పుడు శ్రీపెరుంబుదూర్ దగ్గర ఫ్యాక్టరీ నడుపుతోంది. అప్పట్లో బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి, స్పెయిన్ సబ్సిడీకి పరిమితి పెట్టింది, అంతే.

నీ ఉద్యోగం పోయే నెలా, ఆ షేరు పడే నెలా ఒకటే కావచ్చు బాబూ. అప్పుడు ఇంటద్దె కోసం నష్టానికి అమ్ముకుంటావు. ఏడాదిలోపు లాభానికి అమ్మినా 20 శాతం పన్ను. ఆర్నెల్ల ఖర్చు ఎఫ్‌డీలోనే ఉంచు. మిగిలిందాంట్లో నీ సరదా కొద్దీ ఎంతైనా కొనుక్కో.

కదిరి కుర్రోడు:
ఆర్నెల్ల ఖర్చు తీస్తే మిగిలేది లక్షన్నర బాబాయ్. దాన్ని నెలనెలా కొంచెం కొంచెంగా పెడితే?

పీణ్య లెక్కలక్క:
పెట్టు, కాదనను. కానీ కదిరిలో మీ సొంతిల్లు ఉందా? ఇక్కడ కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వల్ల 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, కాబట్టి బెంగళూరులో చిన్న ఇళ్లవాళ్లు సోలార్ వైపు చూడరు. అక్కడ మీ నాన్న నెలనెలా బిల్లు కడుతున్నాడుగా. మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెడితే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ వస్తుంది. బిల్లు తగ్గడానికి ఏ మార్కెట్టూ లేవక్కర్లేదు.

కదిరి కుర్రోడు:
ఉంది అక్కా. నెలకి రెండు వేల పైనే బిల్లు. మేడ మీద స్థలముంది గానీ దక్షిణం వైపు వాటర్ ట్యాంకు ఉంది.

పీణ్య లెక్కలక్క:
పొద్దున తొమ్మిదికీ, మధ్యాహ్నం మూడుకీ మేడ ఫోటోలు తీసి పంపమను. ట్యాంకు నీడ ఎంతదాకా పడుతుందో చూసి చెప్తా. రెండేళ్ల కరెంటు బిల్లులు కూడా పెట్టు.