ఈ వారం సమస్య: దానవుండు గాచె దైవములను

పద్యాలచెట్టు:
అందరికీ నమస్కారం. పోయిన వారమంతా చందమామ సీరియల్స్ మీద వాదించుకున్నాం కదా, దాసరి సుబ్రహ్మణ్యం గారి కథల్లో రాక్షసులు పుట్టుకతోనే చెడ్డవాళ్ళా లేక మనుషుల్లాగే వాళ్ళలోనూ అన్ని రకాలూ ఉన్నారా అని, ఒకరు శిథిలాలయం ఒకరు యక్షపర్వతం ఒకరు మాయాసరోవరం పట్టుకుని అర్ధరాత్రి దాకా నిద్ర మానుకుని మరీ రాశారు. ఆ వేడి మీదే సమస్య ఇస్తున్నా.

దానవుండు గాచె దైవములను

ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. కొత్తవాళ్ళ కోసం చెప్తున్నా, ఒకటి మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, రెండు నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే, యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. ముందు నేను "దేవతలను గాచె దానవుండు" అని రాసుకున్నా, చెవికి అదే హాయిగా ఉంది, కానీ దే కీ దా కీ యతి చెల్లదు. అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఇంకో జట్టు, అందుకే తిప్పి దా, దై పెట్టుకున్నా.

ఒక్క మాట అడుగుతున్నా. పదాన్ని అటు విరిచి ఇటు విరిచి తప్పించుకునే పూరణలు కాకుండా కథలోంచి వచ్చేవి రాయండి. దోమ గొంతులో ఏనుగుల గుంపు దూరిందనే సమస్యకి తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే పూరణ చూడండి, పాండవులు పోయి విరాటుడి కొలువులో చేరారు అంటాడు, అంతే, ఒక్క అక్షరం విరవకుండా ఏనుగులూ దోమా రెండూ భారతంలోంచే వచ్చేశాయి. నాకు అలాంటివి కావాలి.

పాతసంచికలు:
అక్కా నాది మొదటిది.

పాలకడలిఁ జిలుక వాసుకి తలవైపు
నిలిచి విషపుఁ బొగలు నిండ మ్రింగి
తోకవైపు సురల దుమ్మైన నంటక
దానవుండు గాచె దైవములను

భాగవతం అష్టమ స్కంధం. విష్ణువూ దేవతలూ ముందు తల పట్టుకుంటే, తోక పట్టుకోవడం మాకు చిన్నతనం అని రాక్షసులు పేచీ పెట్టారు, విష్ణువు నవ్వి తల వదిలేశాడు, ఆ తర్వాత వాసుకి బుసలకీ మంటలకీ పొగలకీ కమిలిపోయింది వాళ్ళే. అమృతం దగ్గరికొచ్చేసరికి చేతికి చుక్క రాలేదు. చిన్నప్పట్నించీ ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు వాళ్ళ మీదే జాలి.

ఛందోదాహం:
గణాలూ యతులూ సరిగ్గా ఉన్నాయి, పా వా, ని ని, తో దు, అన్నీ చెల్లాయి. నా అభ్యంతరం అర్థం మీద. కాచడం అంటే కావాలని కాయాలి కదా తమ్ముడూ, వీళ్ళు గొప్పకి పోయి తల పట్టుకున్నారు, దేవతల్ని కాద్దామని కాదు. రెండోది, అక్కడున్నది రాక్షస సమూహం, నీ పద్యంలో ఒక్కడే కనిపిస్తున్నాడు.

పాతసంచికలు:
మాస్టారూ, రెండోదానికి జాత్యేకవచనం అనుకోండి, ఒక్కణ్ణి చెప్పి జాతి మొత్తాన్నీ అనడం. మొదటిదానికి మాత్రం నేను ఒప్పుకోను. మా ఊరి చింతచెట్టు నీడ ఇద్దామని అనుకుని ఇస్తుందా, దాని కింద కూర్చున్నవాడికి ఎండ తగల్లేదు, అది నిజం. ఆ రోజు పొగంతా ఒకడు మింగాడు కాబట్టి ఇంకొకడి ఒళ్ళు కమల్లేదు. ఆ లెక్క ఎవరూ రాసుకోలేదనే నా బాధ.

పద్యాలచెట్టు:
నేను పాతసంచికలు వైపే. "దుమ్మైన నంటక" చాలా బాగా కుదిరింది, అక్కడ తోక దగ్గర నింపాదిగా నిలబడ్డ దేవతలు కళ్ళకి కట్టారు.

కొత్తగొంతు:
నేను పద్యం రాయడం ఇదే మొదటిసారి అక్కా, బీటెక్ మూడో సంవత్సరం, తప్పులుంటే చెప్పండి నేర్చుకుంటా.

మూడడుగుల నేల ముద్దుగా నడిగిన
దేవు నెఱిఁగి కూడ దైత్యరాజు
ఇచ్చి మాట నిలిపి యింద్రునికి దివిని
దానవుండు గాచె దైవములను

పద్యాలచెట్టు:
మొదటి పద్యానికే గణాలు ఇంత శుభ్రంగా పడ్డాయంటే చాలా సంతోషంగా ఉందమ్మా. మొదటి పాదం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను, వామనుడు చిన్నపిల్లాడిలా వచ్చి అడగడం "ముద్దుగా" అన్న ఒక్క మాటలో వచ్చేసింది. ఇక రెండో పాదం చూడు. దేవు నెఱిఁగి అని మొదలెట్టి దైత్య దగ్గర యతి పెట్టావు, నేను మొదట్లో పడ్డ గోతిలోనే నువ్వూ పడ్డావు, ఏ కీ ఐ కీ చెల్లదు. ఇంకోటి, దైత్యరాజు అని ఒకసారి చెప్పాక కింద మళ్ళీ దానవుండు వచ్చింది, ఒకే వాక్యానికి ఇద్దరు కర్తలు. ఆ దైత్యరాజుని తీసేస్తే రెండు తప్పులూ ఒకేసారి పోతాయి. ఇలా చదివి చూడు:

మూడడుగుల నేల ముద్దుగా నడిగిన
వెన్ను నెఱిఁగి కూడ వెఱపు లేక
యిచ్చి మాట నిలిపి యింద్రునికి దివిని
దానవుండు గాచె దైవములను

వెన్నుడంటే విష్ణువే. శుక్రాచార్యుడు వద్దు వచ్చినవాడు విష్ణువు అని చెప్పినా బలి ఇచ్చాడు కదా, ఆ ధైర్యం "వెఱపు లేక"లో వచ్చింది. మూడో పాదం మొదట్లో ఇచ్చి ని యిచ్చి చేశాను, పైపాదంతో కలిపి చదివేటప్పుడు మధ్యలో అచ్చు తగలకూడదు.

కొత్తగొంతు:
అర్థమైంది అక్కా. నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఇప్పుడు పైకి చదువుకుంటుంటే నాదీ మీదీ తేడా చెవికే తెలుస్తోంది.

ఛందోదాహం:
ఇక్కడ ఒక విషయం తేల్చుకుందాం. దితి కొడుకులు దైత్యులు, దనువు కొడుకులు దానవులు, అదితి కొడుకులు దేవతలు, ముగ్గురికీ తండ్రి కశ్యపుడే. బలి ప్రహ్లాదుడి మనవడు, అంటే దితి వంశం, దైత్యుడు. రావణుడు పులస్త్యుడి వంశం, రాక్షసుడు. సమస్యలో దానవుండు అని ఉంటే వృషపర్వుడి లాంటివాణ్ణి తేవాలి గానీ బలిని తెస్తే ఎలా?

న్యూజెర్సీరాత్రులు:
మాస్టారూ, పోతన గారే ప్రహ్లాదుడి నోట హిరణ్యకశిపుణ్ణి "దానవాగ్రణి" అనిపించారు, ఇందుగలడందు లేడని పద్యంలో, ఇక్కడ మా పిల్లలు కూడా కంఠతా చెప్తారు. హిరణ్యకశిపుడు అచ్చంగా దితి కొడుకు కదా. పోతన గారికి చెల్లింది మన కొత్తగొంతుకి చెల్లదా?

ఛందోదాహం:
చెల్లుతుంది. ఆ పద్యం గుర్తు రాలేదు, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నా.

పాతసంచికలు:
నన్నడిగితే పోయిన వారం గొడవంతా ఇక్కడే ఉంది. ఒకే తండ్రి పిల్లలు, సవతి తల్లులు, ఆస్తి తగాదా. మనం ఒకళ్ళకి గుడి కట్టి ఇంకొకళ్ళకి కొమ్ములు పెట్టాం. చందమామలో చిత్రా గారు వేసిన రాక్షసుల బొమ్మలు చూడండి, కోరలూ గదా ఉన్నా ఆ కళ్ళల్లో ఒక్కోసారి దిగులు ఉంటుంది, చిన్నప్పుడు నాకు భయం వేసేది కాదు.

న్యూజెర్సీరాత్రులు:
నాది ఘటోత్కచుడి మీద.

అమరవిభుని శక్తి నట్టె గుండెకుఁ దాల్చి
కొండవోలెఁ గూలి కురులపైన
నరుని బ్రతుకు నిలిపి నరరూపులైనట్టి
దానవుండు గాచె దైవములను

అమరవిభుడు ఇంద్రుడు, ఆయన కర్ణుడికిచ్చిన శక్తి. నరుడంటే అర్జునుడు. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని ఆ రాత్రి యుద్ధంలో వేరే దారి లేక ఘటోత్కచుడి మీద వేశాడు. పోతూ పోతూ కూడా ఒళ్ళు పెంచి కౌరవసేన మీదే పడ్డాడు. పాండవులు దేవతల అంశలు కాబట్టి నరరూపంలో ఉన్న దైవాలు అన్నాను.

ఛందోదాహం:
రెండో పాదం అద్భుతం, నిజంగా కొండ కూలినట్టే ఉంది. మూడో పాదం చివర తడబడింది. "నరరూపులైనట్టి" అని ఆగి కింద "దానవుండు" అనగానే ఆ విశేషణం దానవుడికి తగులుకుంటుంది, నువ్వు తగిలించాలనుకున్న దైవములు ఎక్కడో చివర ఉన్నారు. అన్వయం కుదర్లేదు.

పద్యాలచెట్టు:
అవును. ఇలా అంటే?

నరుని బ్రతుకు నిలిపి, నరులనే కాదట్లు
దానవుండు గాచె దైవములను

నరులనే కాదు, కొడుకు అర్జునుడు బతికాడు కాబట్టి ఇంద్రుణ్ణి కూడా కాచినట్టే అని. మనిషి, దేవుడు, రాక్షసుడు ముగ్గురూ ఒక్క పద్యంలోకి వచ్చేశారు.

న్యూజెర్సీరాత్రులు:
చాలా బాగుందండీ, అదే ఉంచుకుంటా. ద్రోణపర్వంలో ఆ తర్వాతది నాకు ఇప్పటికీ మింగుడు పడదు, పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేస్తాడు, అడిగితే వీడు యజ్ఞాలకి ద్వేషి, కర్ణుడు చంపకపోతే ఎప్పటికైనా నేనే చంపాల్సి వచ్చేది అంటాడు. తండ్రుల కోసం ప్రాణం ఇచ్చినవాడి గురించి ఆ మాట! ఇక్కడ రాత్రి ఒంటిగంటకి ఆ భాగం చదివి పుస్తకం మూసేసి వంటింట్లో ఊరికే నిలబడ్డాను కాసేపు.

పజిల్‌పిచ్చి:
అక్క వద్దన్నా నేను గాచె మీదే ఆడుకున్నా, క్షమించాలి. కాచు అంటే మాటు కాయడం కూడా కదా.

కోటగోడ చాటు గుట్టుగా నక్కుచు
నమృతభాండమునకు నాశపడుచు
దారి నడుమ మాటు తనవారితోఁ గూడి
దానవుండు గాచె దైవములను

పద్యాలచెట్టు:
పదం విరవలేదుగా, ఉన్న అర్థాల్లో ఇంకోటి తీసుకున్నావు, తప్పేం లేదు. చందమామ సీరియల్ ఒక నెల భాగం ఆగిపోయే చోటులా ఉంది. మాటుకీ గాచెకీ మధ్య దూరం ఎక్కువైంది, అది దగ్గరికి తెచ్చుకో. "భాండమునకు నాశ" అన్నచోట నాశనం అని వినిపించే ప్రమాదం ఉంది, అదీ చూసుకో.

లంకగట్టు:
నేను పురాణంలోంచి కాకుండా మా ఊళ్ళోంచి రాశాను.

గట్టు తెగిన రేయి గర్భగుడిని జొచ్చి
యుత్సవంపు మూర్తు లొడిని గట్టి
యెక్కె మిద్దె; వేది నిరువదేండ్లుగ నున్న
దానవుండు గాచె దైవములను

1986 ఆగస్టు గోదావరి వరద. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది, మాది దిగువన నది మధ్య లంక ఊరు. మా తాతయ్య అన్నగారు, మేం పెదతాత అనేవాళ్ళం, వేది మీద, అంటే నాటకాల్లో, ఎప్పుడూ రావణుడే, ఇంకో వేషం ఇచ్చేవాళ్ళు కాదు, ఆ గొంతు అలాంటిది. ఆ రాత్రి అందరూ స్కూలు మిద్దె మీదకి పరిగెడుతుంటే ఆయన ఎదురు నీళ్ళలో గుళ్ళోకి వెళ్ళాడు. సీతారాములు, లక్ష్మణస్వామి ఉత్సవ విగ్రహాలు పంచెలో మూటకట్టి నడుముకి బిగించుకుని ఈదుకుంటూ వచ్చాడు. తడికి ముడి బిగుసుకుపోయి విప్పలేకపోతే మా నాయనమ్మ కొడవలితో కోసింది. మిద్దె మీద ఆడవాళ్ళంతా ఈసారి రావణుడు సీతమ్మని కాపాడ్డానికి ఎత్తుకొచ్చాడు అని ఏడ్చారట. ఆ పంచె ముక్క నాయనమ్మ ట్రంకుపెట్టెలో నేను చూశాను, కోసిన చోట అంచు పోగులు లేచిపోయి ఉంది.

ఛందోదాహం:
ఏం చెప్పమంటారు, చదివి ఇంట్లోవాళ్ళకి కూడా వినిపించాను. ఒక్కటే, గర్భ సంస్కృతం గుడి తెలుగు, రెండూ కలిపితే వైరి సమాసం. గర్భగృహము జొచ్చి అంటే గణం కూడా మారదు.

లంకగట్టు:
మారదని నేనూ చూసుకున్నాను మాస్టారూ. కానీ మా ఊళ్ళో గర్భగృహం అని ఎవరూ అనరు, పెదతాత నోట గర్భగుడి అనే విన్నాను. ఆయన పద్యంలో ఆయన మాట ఉండాలని ఉంచాను.

పద్యాలచెట్టు:
ఉండనీ. అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు పట్టుకుంటాడు, ఇక్కడ పట్టుకోవద్దు. ఈ వారం నేను అడిగింది ఇదే, పద్యంలో రాక్షసుడు ఒక వేషం, దైవం ఒక విగ్రహం, మధ్యలో నీళ్ళలో దిగినవాడు మనిషి, ముగ్గుర్నీ ఒక పంచెలో మూటకట్టావు. మొదటి స్థానం లంకగట్టుకి, తర్వాత పాతసంచికలు. కొత్తగొంతు పద్యం సవరించింది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు, వచ్చేసారి నేను వేలు పెట్టకుండా రావాలి.

వచ్చే వారానికి తేటగీతి, ప్రతి పాదానికీ ఒక సూర్య, రెండు ఇంద్ర, రెండు సూర్య:

మనిషి శాపమిచ్చెను దేవమండలికిని

కొత్తగొంతు:
అక్కా మాండవ్యుడు యముడికి శాపం ఇచ్చాడు కదా, యముడే విదురుడిగా పుట్టాడు, అది పనికొస్తుందా?

పద్యాలచెట్టు:
పనికొస్తుంది. కానీ మండలి అంటే గుంపు, యముడు ఒక్కడే. ఆ ఒక్కడికి తగిలిన శాపం సభ మొత్తానికి ఎలా తగిలిందో మొదటి మూడు పాదాల్లో చెప్పగలవా చూడు.