ఎఫ్‌ఏటీఎఫ్ రిపోర్టులో మనకి మంచి మార్కులే, కింద ఏమైనా మారిందా?

కరీంనగర్_ఖాతా: దొంగ డబ్బుని, ఉగ్రవాదులకి వెళ్లే డబ్బుని దేశాలు ఎలా అడ్డుకుంటున్నాయో చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్. 2024 సెప్టెంబరులో వచ్చిన దాని రిపోర్టులో ఇండియాని రెగ్యులర్ ఫాలోఅప్‌లో, అంటే మంచి మార్కులొచ్చిన దేశాల వరసలో పెట్టారు. 40 సిఫార్సుల్లో 37 గట్టెక్కాం. అసలు ఈ మార్కులు ఎవరు వేస్తారు? బ్యాంకుల్లో, షాపుల్లో ఉన్నవాళ్లకి తేడా తెలిసిందా?

బెజవాడ_కౌంటర్: తేడా తిట్లు తినేవాళ్లకి తెలుస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఒక్క అక్షరం. కేవైసీ ఆగిందంటే పింఛను కోసం వచ్చిన పెద్దాయన నన్నే అడుగుతాడు. అదే పరాయి దేశపు మంత్రి ఖాతా తెరవాలంటే పైవాళ్ల అనుమతి తీసుకోవాలి, డబ్బు ఎక్కడిదో ఆరా తీయాలి. మన లోకల్ నాయకుడికి మాత్రం ఆ రూలు లేదు. 12వ సిఫార్సులో మార్కులు తగ్గింది అందుకే.

గుంటూరు_సీఏ: పీఎంఎల్‌ఏ (మనీలాండరింగ్ నిరోధక చట్టం) అమల్లోకి వచ్చిన 2005 నుంచీ ఆడిట్లు చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, 37 చూసి మురిసిపోకండి. అది చట్టం కాగితం మీద ఉందా లేదా అనే లెక్క. పని జరుగుతోందా అన్నదానికి 11 అంశాలున్నాయి. ఆరింట్లో సబ్‌స్టాన్షియల్ (చాలావరకు బాగుంది), ఐదింట్లో మోడరేట్ (ఓ మాదిరి). అన్నిటికంటే పైదైన హై ఒక్కటీ లేదు. కేసు నడిపి శిక్ష వేయించడంలో మోడరేటే.

తెనాలి_నగలు: బంగారం వాళ్ల మీదా రాశారు కదా, అది చెప్పరేం? 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదన్నారు, మేం తీసుకోవడం లేదు. పక్క వీధిలో బిల్లే ఇవ్వనివాడి దగ్గరికి గిరాకీ పోతోంది.

గుంటూరు_సీఏ: ఒకే హారాన్ని అమ్మ పేరున, మేనమామ పేరున, అత్త పేరున చీల్చి బిల్లు వేసే షాపులు నాకు తెలుసు.

తెనాలి_నగలు: నోరు అదుపులో పెట్టుకోండి సార్. పెళ్లికి మేనమామ పెట్టే నగ మేనమామే కొంటాడు. అదీ దొంగ బిల్లేనా?

గుంటూరు_సీఏ: ఆయన డబ్బుతో ఆయన కొంటే ఎవరూ కాదనరు. ఒకడే డబ్బు కట్టి మూడు పేర్లు రాయించడం గురించి నేను మాట్లాడుతున్నా. నగదు పరిమితి పెట్టిన 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 269ఎస్‌టీ సెక్షన్ చదవండి. ఒకే మనిషి ఒకే సందర్భానికి విడతలుగా ఇచ్చినా కలిపే లెక్కేస్తారు.

తెనాలి_నగలు: చదివాను. మీ సీఏలని పీఎంఎల్‌ఏ కిందకి 2023 మేలో గానీ తేలేదు. అంతకుముందు పేరుకే ఉండే షెల్ కంపెనీల కాగితాల మీద సంతకాలు ఎవరివి?

షార్జా_శీను: అన్నలూ, గొడవ ఆపండి. యూఏఈ 2022 మార్చి నుంచి 2024 ఫిబ్రవరి దాకా గ్రే లిస్టులో, అంటే లోపాలున్నాయని ఎఫ్‌ఏటీఎఫ్ నిఘా పెట్టే దేశాల జాబితాలో ఉంది. ఆ రోజుల్లో ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్‌లో జీతం కాగితం అడిగారు. మా క్యాంపులో కొందరికి అది ఉండదు, మేస్త్రీ చేతికిచ్చే డబ్బే. వాళ్లు హుండీ వైపు, అంటే బ్యాంకు లెక్కల్లోకి రాకుండా డబ్బు చేర్చే దళారుల వైపు పోయారు. కట్టుదిట్టం చేస్తే దొంగ డబ్బు ఆగాలి గానీ కూలివాడు దొంగదారి పట్టకూడదు.

ఓరుగల్లు_పౌరుడు: ఈ లిస్టులన్నీ రాజకీయమే. పాకిస్తాన్‌ని 2018లో పెట్టి 2022లో వదిలేశారు.

కరీంనగర్_ఖాతా: ఊరికే వదల్లేదండీ. ఒప్పుకున్న పనులు చేశారో లేదో బృందం వెళ్లి చూశాకే తీశారు. నేనూ వెతికి చదివాను. మన దగ్గరికి కూడా వేరే దేశాల నిపుణులు 2023 నవంబరులో వచ్చారు, 2024 జూన్‌లో సింగపూర్ సమావేశంలో ఆమోదించారు.

ట్రస్టు_కార్యదర్శి: ట్రస్టుల్లాంటి సేవా సంస్థల గురించిన 8వ సిఫార్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. అందులోనూ మనకి పాక్షికమే. ముప్పు ఉన్న సంస్థల మీద దృష్టి పెట్టమన్నారు గానీ అందరినీ ఒకే గాటన కట్టమనలేదు. ఊళ్లో బడి నడిపే మా ట్రస్టు ఖాతాని ఒక బ్యాంకు ఆపేసింది. టీచర్ల జీతాలు నిలిచిపోయాయి.

బెజవాడ_కౌంటర్: ట్రస్టీ ఎవరైనా మారారా సార్? మారితే కొత్త తీర్మానం, వాళ్ల పాన్ కాపీ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఏ కారణంతో ఆపారో కాగితం మీద అడగండి. నోటిమాటతో తిప్పుతుంటే బ్రాంచ్ మేనేజర్ని వదిలి, ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కి రాయండి.

తెనాలి_నగలు: సీఏ గారూ, నా ప్రశ్నకి జవాబు రాలేదు.